వాడు సిపారా ముట్టడం లేదక్కా

పేపర్లో నేను జవాబులు రాసే ఈ శీర్షికకు ఈసారి ఉత్తరం కర్నూలు జిల్లాలోని ఒక టౌను నుంచి వచ్చింది. నోటుబుక్కు కాగితాలు ఎనిమిది. ఐదో పేజీ సగంలో ఆగిపోయి, మళ్లీ ఇంకో రోజు ఇంకో పెన్నుతో మొదలైంది. గుర్తుపట్టే ఆనవాళ్లు కొన్ని నేను మార్చాను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

రాసినావిడకు ముప్పై దాటింది. దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. భర్తకు పరుపులు, దిండ్లు కుట్టే కొట్టుంది. ఆ కొట్టు మసీదు కాంప్లెక్సులోనిది, నెలనెలా బాడుగ కమిటీకే కడతారు. తొమ్మిదేళ్ల కొడుకు, ఆరేళ్ల కూతురు. "మాకు ఉర్దూ రాదు. మా అత్తమామలకు నమాజులో చదివే సూరాలు కూడా సరిగ్గా రావు. పెళ్లిళ్లకు పోతే 'మీరు పేరుకే తురకలు' అని మా ముందరే నవ్వుతారు. నా కొడుకన్నా ఖురాన్ ఖతం చేసి (మొత్తం చదవడం పూర్తి చేసి) వాళ్ల ముందర చదవాలని పంపించినా" అని రాసింది.

పిల్లాడు మగ్రిబ్ నమాజు తర్వాత మసీదు మేడ మీది గదిలో చదువుకుంటాడు. ఇరవైమంది దాకా పిల్లలు. చదువు చెప్పే హజ్రత్ రెండేళ్ల కింద వేరే ఊరి నుంచి వచ్చాడు, హాఫిజ్ (ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడు), గొంతు బాగుంటుంది, వీధంతా గౌరవిస్తుంది. మొదట్లో చురుగ్గా చదివిన పిల్లాడికి రంజాన్ తర్వాత నుంచి సరిగ్గా మగ్రిబ్ అజాన్ వేళకు కడుపునొప్పి వస్తోంది. పచ్చ గుడ్డలో చుట్టిన సిపారాను (ఖురాన్‌లో ఒక భాగం ఉన్న పుస్తకాన్ని) స్టూలు వేసుకుని బీరువా పైన పెట్టేశాడు, ముట్టడం లేదు. తల్లి కోప్పడింది, రెండు దెబ్బలు కూడా వేసింది. పన్నెండు రోజుల కింద, అన్నం తింటూ తింటూ, వాడే చెప్పాడు. హజ్రత్ కాళ్లు పట్టమంటాడని, అందరినీ పంపేసి తనను మాత్రం సబక్ (పాఠం) వినిపించమని ఉంచుకుంటాడని, చెయ్యి పెట్టకూడని చోట పెడతాడని. ఎవరికైనా చెబితే ఖురాన్ శపిస్తుందన్నాడట.

ఆమె భర్తకు చెప్పింది. ఆయన ఆ రాత్రి మాట్లాడలేదు, మర్నాడు కమిటీ పెద్దాయన ఒకరికి చెప్పాడు. అక్కడి నుంచి మాటలు తిరిగి తిరిగి ఇంటికి వస్తున్నాయి. "బట్టల మీదనే కదా." "నలుగురు సాక్షులున్నారా?" "తోటి ముస్లిం తప్పు కప్పితే అల్లా మన తప్పు కప్పుతాడు." "పేపర్లో పడితే బయటోళ్లకు మాట దొరుకుతుంది." "రుజువు కాకపోతే కేసు మీ మీదికే తిరుగుతుంది." చివరికి, "ఆయనను మెల్లగా పంపించేస్తాం, ఊరుకోండి." అత్త మాట వేరు: "మగపిల్లోడు కదా, ఏం పోయింది?" శుక్రవారం జుమా తర్వాత కమిటీ కూర్చుంటుందట. పిల్లాణ్ణి పిలిచి, హజ్రత్ ముందరే, ఖురాన్ మీద చెయ్యి పెట్టించి అడుగుతారట.

"కేసు పెడితే పాపమా, పెట్టకుంటే పాపమా? నా బిడ్డ చెడిపోతాడా? పాపకు చదువు ఎట్ల చెప్పించాలి?" అని అడిగింది. అన్నిటికంటే కింద, మూలన, చిన్న అక్షరాల్లో: "రాత్రి లైటు ఆర్పనీయడు అక్కా. కరెంటు బిల్లు చూసి మా ఆయన అరుస్తున్నాడు."

చెల్లీ,

శుక్రవారం దగ్గర్లోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి. బాబును ఆ కూటానికి తీసుకుపోవద్దు. నీ ఉత్తరంలోని మిగతా వాటన్నిటికీ ఇట్లా చేస్తే ఇది, అట్లా చేస్తే అది అని చెప్పగలను. దీనికి మాత్రం చెప్పలేను. చెబితే ఖురాన్ శపిస్తుందని ఎవరు బెదిరించారో ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, అదే ఖురాన్ మీద తొమ్మిదేళ్ల పిల్లాడి చెయ్యి పెట్టిస్తే వాడేం చెబుతాడు? ఏమీ జరగలేదంటాడు. తల వంచుకుని, గోళ్లు గిల్లుకుంటూ అంటాడు. "పిల్లోడే ఒప్పుకున్నాడు" అని ఆ సాయంత్రానికి వీధంతా పాకుతుంది. ఆ తర్వాత వాడు నీకు కూడా ఇంకేమీ చెప్పడు. కమిటీవాళ్లు చెడ్డ ఉద్దేశంతోనే పిలుస్తున్నారని నేననను. ఆస్తి తగాదాల్లో, తలాక్ పంచాయితీల్లో అలవాటైన పద్ధతి అది, దాన్నే ఇక్కడికీ తెచ్చారు. పోలీసులకు కూడా ఈ పిల్లాణ్ణి నిందితుడి ఎదుట కూర్చోబెట్టే హక్కు చట్టం ఇవ్వలేదు. పిలుపు వస్తే "వాడికి జ్వరం" అని సాకు చెప్పకు. "వాడు రాడు, మేం వస్తాం" అను.

నువ్వు వేసిన రెండు దెబ్బల గురించి నాలుగు చోట్ల రాశావు. తెలియక కొట్టావు. వాడికి ఒకసారి చెప్పు, "నాకు తెలీక కొట్టినా నాయనా, తప్పు నాది" అని. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుంటారని ఈ వయసులో చూడటం వాడికిప్పుడు చాలా అవసరం. వాడు అన్నం ముందర కూర్చుని నీకే చెప్పాడంటే ఆ దెబ్బలను దాటి నిన్ను నమ్మినట్టే.

ఇక పాపం సంగతి. నేను ఆలిమాను (మతశాస్త్రం చదివినదాన్ని) కాను. కడపలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టి, మసీదు అరుగు మీద ఖాయిదా (అరబీ అక్షరాల పుస్తకం) దిద్దినదాన్ని, అంతే. మీ ఇంట్లో తెలుగు ఖురాన్ ఉందని రాశావు కదా, నాలుగో సూరా, అన్‌నిసా, 135వ ఆయత్ తియ్యి. న్యాయం మీద గట్టిగా నిలబడండి, మీ సాక్ష్యం మీకే ఎదురు తిరిగినా, తల్లిదండ్రులకూ దగ్గరివాళ్లకూ ఎదురు తిరిగినా సరే, అవతలివాడు ఉన్నవాడైనా లేనివాడైనా సరే అని ఉంటుంది. అదే సూరాలో కొంచెం ముందుకు పోయి 148వ ఆయత్ చూడు. చెడు మాటను బహిరంగంగా అనడం అల్లాహ్‌కు ఇష్టం లేదు, అన్యాయానికి గురైనవాళ్లు తప్ప అని ఉంటుంది. ఆ చివరి ముక్క నీ కోసమే ఉంది. ఉర్దూ రాకపోతే దీన్ (మతం) రాదని నిన్ను నవ్వినవాళ్లకంటే, ఈ రెండు ఆయత్‌లూ నువ్వు తెలుగులో బాగా అర్థం చేసుకోగలవు.

తప్పు కప్పడం గురించి పెద్దాయన చెప్పిన హదీసు (ప్రవక్త మాట) ఉన్నదే, ఆయన కల్పించింది కాదు. అయితే అది ఇంకొకరికి హాని లేని, మనిషి సొంత బలహీనత గురించి అని ఆలిమ్‌లే చెబుతారు. ఒకడు దొంగచాటుగా తాగాడనుకో, వీధిలో చాటించొద్దు. బావిలో విషం కలిపేవాణ్ణి చూసి కప్పిపెట్టడం దాని కిందికి రాదు. దౌర్జన్యం చేసేవాడైనా సరే సోదరుడికి సాయం చెయ్యమని, అతని చెయ్యి పట్టి ఆపడమే ఆ సాయమని కూడా హదీసుంది. అది మాత్రం కమిటీలో ఎవరికీ గుర్తు రాలేదు.

నలుగురు సాక్షుల మాట నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అది సూరా నూర్‌లోది. శీలవతుల మీద వ్యభిచారం అంటగట్టేవాళ్లు నలుగురు సాక్షులను తేవాలి, తేలేకపోతే వాళ్లకే శిక్ష అని. ఒకరి పరువును గాలిమాటల నుంచి కాపాడటానికి వచ్చిన నియమం అది. నీ కొడుకు ఎవరి మీదా వ్యభిచారం మోపడం లేదు, తనకు జరిగిన దెబ్బ చెబుతున్నాడు. రాత్రిపూట దొంగ ఇంట్లో పడితే నలుగురు సాక్షులుంటేనే స్టేషనుకు పోతామా? ఇవన్నీ నా మాటగా కమిటీ ముందు పెట్టకు, "ఎవరో పేపరమ్మ చెప్పింది" అంటారు. మీ ఊళ్లోనో, కర్నూల్లోనో ఆ కమిటీ బాడుగ తినని ఆలిమ్‌ ఒకరిని మీ ఆయనను అడగమను.

ఇప్పుడు చట్టం. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ, ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ వర్తిస్తుంది. మీ అత్తకు ఇది అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఒక లెక్క ఉంది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో మన ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో పిల్లలను అడిగి చేసిన అధ్యయనంలో, ఇట్లాంటివి ఏదో ఒక రూపంలో ఎదురయ్యాయని చెప్పినవాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. మనం ఆడపిల్ల వెంట తోడు పంపి, మగపిల్లాణ్ణి ఒంటరిగా పంపుతాం. ఆ సంగతి ఇట్లాంటి మనుషులకు బాగా తెలుసు. "బట్టల మీదనే కదా" అన్న మాటకు సుప్రీంకోర్టు 2021 నవంబరులోనే జవాబు చెప్పేసింది. ముంబయి హైకోర్టు నాగపూర్ బెంచి అట్లాంటి తీర్పే ఇస్తే కొట్టేసి, చర్మానికి చర్మం తగలక్కర్లేదు, ఉద్దేశమే ముఖ్యమంది. పిల్లవాడు పన్నెండేళ్ల లోపువాడైనా, చేసినవాడు చదువు చెప్పే చోటనో మతసంస్థలోనో పనిచేసేవాడైనా, చట్టం దాన్ని మామూలుకంటే పెద్ద నేరంగా చూస్తుంది. మీ విషయంలో రెండూ ఉన్నాయి. నువ్వు రాసినంతవరకే తీసుకున్నా ఐదు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరం.

నువ్వు ఊహించనిది ఇంకొకటి చెప్పాలి. ఈ చట్టం కింద, తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. నీకు, మీ ఆయనకు, మీరు చెప్పిన పెద్దాయనకు, ఆయన చెప్పిన సదర్‌కు (కమిటీ అధ్యక్షుడికి), అందరికీ ఆ బాధ్యత పడింది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. ఒక సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. అంటే "మెల్లగా పంపించేస్తాం" అన్నవాళ్లు తమకు తెలియకుండానే నేరంలోకి నడుస్తున్నారు. రాజీకి ఇందులో చోటు లేదు. స్టాంపు పేపరు మీద రాసుకున్నా అది చెల్లదు. రుజువు కాకపోతే మీ మీదికి తిరుగుతుందన్నది ఉత్త బెదిరింపు. కావాలని, కక్షతో అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినవాళ్లకే శిక్ష ఉంది. మనస్ఫూర్తిగా నమ్మి చెప్పింది కోర్టులో నిలవకపోయినంత మాత్రాన మీకేమీ కాదు.

కాబట్టి, చెప్పాలా వద్దా అన్నది నీ చేతుల్లో లేదు. ఏ గుమ్మం నుంచి లోపలికి పోవాలన్నది మాత్రం నువ్వు ఎంచుకోవచ్చు.

ఒక దారి 1098. పిల్లల కోసం పెట్టిన నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు పడదు. నీ ఫోన్ నుంచి, ఇంటాయన కొట్టుకు పోయినాక, నువ్వొక్కదానివే చేయొచ్చు. జిల్లా బాలల రక్షణ విభాగం మనిషి మాట్లాడతారు, విషయం పోలీసులకూ బాలల సంక్షేమ కమిటీకీ చేరుతుంది. స్టేషను మెట్లు ఎక్కడానికి భయపడేవాళ్లకు ఇది మేలు. కేసు నడిచినంత కాలం పక్కన ఉండే సహాయకులను ఆ బాలల సంక్షేమ కమిటీ ఇవ్వగలదు, అడిగి తీసుకో. చిక్కేమిటంటే చేతులు మారుతూ పోయేసరికి ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఈలోపు ఆ మనిషి బ్యాగు సర్దుకుని బస్సెక్కొచ్చు.

రెండోది నేరుగా స్టేషను. నువ్వూ మీ ఆయనా పోతే చాలు, బాబు అక్కర్లేదు. వాడి వాంగ్మూలం ఇంటికే వచ్చి తీసుకోవాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, అదీ యూనిఫాం లేకుండా. వాడు నమ్మినవాళ్లు పక్కన ఉండొచ్చు. జీపు మీ వీధిలోకి రావద్దని ముందే అడుగు, మీ పుట్టింట్లో మాట్లాడిస్తామన్నా ఒప్పుకోవాలి. కేసు రాసుకోకపోతే ఆ అధికారికీ ఇదే చట్టంలో శిక్ష ఉంది. మొండికేస్తే డీఎస్పీ ఉన్నాడు, ఆ పైన ఎస్పీ. తర్వాత మేజిస్ట్రేటు ముందు ఒకసారి, ప్రత్యేక కోర్టులో ఒకసారి వాడు మాట్లాడాల్సి వస్తుంది. కోర్టులో తలుపులు మూసి వింటారు, వాడికి ఆ మనిషి కనపడకుండా ఏర్పాటు చేయాలి. ఏడాదిలో ముగించాలని చట్టం అంటుంది. చాలాచోట్ల అంతకంటే సాగుతుందని కూడా తెలిసే అడుగు వెయ్యి. ఆ సాగిన కాలంలోనే చుట్టాలు, పెద్దలు, "పోనీలే, ఆయనకూ పిల్లలున్నారు" అనేవాళ్లు వస్తారు. ఇట్లాంటి కేసులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే. లాయరు ఖర్చుకు భయపడకు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయం చూడకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మూడోది, నాకు మనసులో ఆశగా ఉన్నది: కమిటీయే మీతో వచ్చి ఫిర్యాదు మీద సంతకం పెట్టడం. అట్లా జరిగితే మీరు వీధిలో ఒంటరివాళ్లు కారు, "మసీదును రచ్చకెక్కించారు" అన్న మాట పుట్టదు. సదర్ సాబుకు మీ ఆయన చెప్పాల్సింది ఒక్కటే: "చట్ట ప్రకారం మీరూ చెప్పాలంట సాబ్, లేకుంటే మీ మీదికే వస్తుందంట. కలిసి పోదాం." బెదిరింపులాగా కాదు, కాపాడుతున్నట్టే చెప్పమను, నిజానికి అదే కదా. ఒక్క పూట చూడండి, అంతే. వాళ్లు "ఆలోచిస్తాం" అంటే నువ్వు 1098 నొక్కు. ఈ దారిలో ముప్పు ఏమిటంటే, సాయంత్రంలోపు ఆ మనిషికి కబురు చేరుతుంది.

ఏమీ చేయకుండా బాబును మానిపించేయడం కూడా ఒక దారేనని నీ అత్త అంటోంది. చాలా ఇళ్లలో జరిగేదీ అదే, అందుకే చెబుతున్నా. నీ కొడుకు ఒక్కడు బయటపడతాడు, మిగతా పందొమ్మిదిమంది ఆ గదిలోనే ఉంటారు. పక్కింటి పిల్లాడు కూడా ఈ మధ్య తప్పించుకు తిరుగుతున్నాడని నువ్వే రాశావు. (వాణ్ణి నువ్వు గుచ్చి గుచ్చి అడగొద్దు. వాళ్లమ్మకు నీ ఇంట్లో జరిగింది చెప్పు, వాడితో మాట్లాడే పని తెలిసినవాళ్లకు వదిలెయ్.)

కమిటీ అన్నట్టు పంపించేస్తే ఏమవుతుంది? ఇంకో ఊరి మసీదులో, ఇంకో మేడ గదిలో, మగ్రిబ్ తర్వాత, ఇంకో ఇరవైమంది. ఇది మన దగ్గరే కనిపెట్టిన ఉపాయం కాదు. అమెరికాలో బోస్టన్ క్యాథలిక్ చర్చి ఇట్లాంటి ఫాదరీలను ఏళ్ల తరబడి ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ పోయిందని 2002లో అక్కడి పత్రిక బయటపెట్టింది. ప్రతి మార్పుకూ కొత్త పిల్లలు దొరికారు. ఇంగ్లండులో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2021లో 38 మత సంస్థలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. మసీదులు, చర్చిలు, దేవాలయాలు, యూదులవి, అన్నీ అందులో ఉన్నాయి. అడ్డం పడేవేమిటని చూస్తే, సంస్థ పరువు పోతుందన్న భయం, ఈ విషయాలు నోటితో పలకలేని సిగ్గు, గురువు మాటకు ఎదురు లేకపోవడం, క్షమించమని ఒత్తిడి. చదువుతుంటే మీ కమిటీ మాటలే ఇంగ్లీషులో చదివినట్టు ఉంటుంది.

బయటోళ్లకు మాట దొరుకుతుందన్న భయాన్ని నేను కొట్టిపారేయను. దొరుకుతుంది. ఈ రోజుల్లో ఒక హజ్రత్ తప్పు చేస్తే ఊళ్లోని గడ్డాలన్నిటినీ అనుమానంగా చూసే వాట్సాప్ గుంపులున్నాయి. కానీ పిల్లవాడి పేరు, ఊరు, బడి, వీధి, ఇంటివాళ్ల వివరాలు ఏవీ పత్రికలు, టీవీలు బయటపెట్టకూడదని ఇదే చట్టం చెబుతుంది. పై ఉత్తరంలో నేను ఆనవాళ్లు మార్చింది అందుకే. ఇక పరువు. ఫలానా మసీదు వాళ్లే ముందుకొచ్చి పట్టించారన్న వార్తకూ, ఫలానా మసీదు వాళ్లు దాచారన్న వార్తకూ ఎంత తేడా ఉందో సదర్ సాబునే లెక్కేసుకోమను.

మీ ఆయన గురించి. ఆయన మౌనం చూసి నువ్వు చాలా నొచ్చుకున్నావు, "బండరాయి" అని రాసి కొట్టేశావు. ఆయన కొట్టు మసీదుది. అంతకు మించి, పుట్టినప్పటి నుంచి "మీరేం తురకలు" అన్న మాట విన్నవాడు. హాఫిజ్ మీద కేసు పెడితే "దూదేకులోళ్లకు ఖురాన్ విలువేం తెలుసు" అంటారని నోరు కట్టేసుకున్నాడని నా అనుమానం. అయినా, మర్నాడే పోయి పెద్దాయనకు చెప్పాడు చూడు, అది చిన్న విషయం కాదు. దాన్ని పట్టుకుని మాట్లాడు. కొట్టు విషయంలో మాత్రం జాగ్రత్త మంచిది. బాడుగ రసీదులన్నీ ఒక కవరులో పెట్టు, ఈ నెల నుంచి చేతికివ్వకుండా బ్యాంకులోనో ఫోన్‌లోనో కట్టమను. ఖాళీ చేయమని ఎవరైనా నోటిమాటగా అంటే తాళాలివ్వొద్దు, ఇందాక చెప్పిన లాయర్నే దీని గురించి కూడా అడగండి.

ఇంకొక పని ఈ రాత్రికే చెయ్. బాబు ఆ రోజు ఏ మాటలతో చెప్పాడో, వాడి మాటల్లోనే, తేదీ వేసి ఒక కాగితం మీద రాసి పెట్టు. కొత్తగా అడిగి రాయొద్దు. గుర్తున్నంతే. పదేపదే అడిగితే వాడు నీ ముఖం చూసి నీకు కావాల్సిన జవాబు చెబుతాడు, రేపు కోర్టులో అదే "తల్లి నేర్పింది" అవుతుంది.

బాబు చెడిపోతాడా అంటే, చెడిపోడు. ఇట్లా జరిగిన పిల్లలు పెద్దయ్యాక ఇట్లాంటివాళ్లే అవుతారని ఒక మాట వాడుకలో ఉంది, అది విని భయపడకు. చెప్పినప్పుడు ఇంట్లో నమ్మారా లేదా అన్నది వాడి మీద చాలా పనిచేస్తుంది, నువ్వు నమ్మావు. కడుపునొప్పి, నిద్రలో ఉలిక్కిపడటం తగ్గకపోతే కర్నూలు పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకుపో, లేదా టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడు, అదీ ఉచితమే. "మర్చిపో" అనకు. "నీ తప్పు లేదు" అను, ఎన్నిసార్లయినా. ఖురాన్ శాపం సంగతి కూడా నువ్వే తేల్చాలి. ఆ మాట ఖురాన్‌ది కాదు, తన తప్పు దాచుకోవడానికి ఒక మనిషి ఆడిన అబద్ధం అని వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పు. బీరువా మీది సిపారాను దించొద్దు, దుమ్ము మాత్రం తుడుస్తూ ఉండు. నమాజుకు లేవకపోతే బలవంతం వద్దు. నువ్వు చదువుకుంటుంటే వాడు పక్కన వచ్చి కూర్చుంటే కూర్చోనీ.

పాప చదువు అడిగావు. నా చిన్నప్పుడు కడపలో మా నాన్న నన్ను మొదటిరోజు మౌల్‌సాబు ముందు కూర్చోబెట్టి "గోష్త్ ఆప్కా, హడ్డీ హమారీ" అన్నాడు. కండ మీది, ఎముకలు మావి. అందరు నాన్నలూ అదే అనేవాళ్లు, నవ్వుతూ. మా మౌల్‌సాబు మంచివాడు, బెత్తం ఊరికే పక్కన పెట్టుకునేవాడు. కానీ ఆ మాట అన్నాక ఏ పిల్లాడు ఇంటికొచ్చి ఏం చెబుతాడు? మా నాన్న అప్పటికే నా కండ రాసిచ్చేశాడు కదా. మీ ఇంట్లో ఆ మాట తెలుగులో ఎవరన్నా అంటే ఆపెయ్యి.

పాపకు ఆడ ఉస్తాద్ దొరుకుతుందేమో చూడు. చాలా వీధుల్లో ఆలిమా చదివిన ఆపాలు (అక్కలు) ఇళ్లలోనే నలుగురైదుగురు పిల్లలకు చెబుతున్నారు. ముందు గదిలో, తలుపు తీసి, నువ్వు వంటింట్లో నుంచి వినపడేంత దూరంలో. ఆడమనిషి అయినంత మాత్రాన కళ్లు మూసుకోవద్దు, అక్కడా ఇదే పద్ధతి. మీ మసీదులోనే మళ్లీ మంచి ఏర్పాటు చేస్తామంటే, చదువు మేడ మీది గదిలో కాకుండా కింద అందరూ నమాజు చేసే హాల్లో పెట్టమను. పిల్లల మధ్య ఇద్దరు పెద్దవాళ్లుండాలి. ఒక్క పిల్లాణ్ణి వెనక ఉంచుకోవడం ఉండకూడదు. ఏ తల్లి ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడినా అడ్డు చెప్పకూడదు. కాళ్లు పట్టించుకునే ఖిద్మత్ పూర్తిగా ఆపాలి. చదువు నేర్పినవాడికి సేవ చెయ్యడం పుణ్యమని మనకు నేర్పారు, సరే, పెద్దయ్యాక సంపాదించి ఒక జత బట్టలు పెట్టమను. విద్యాహక్కు చట్టం మదరసాలకు, వేద పాఠశాలలకు వర్తించదని 2012లో సవరించారు కాబట్టి బడిలో ఉన్నట్టు ఇక్కడికి తనిఖీలు వస్తాయని అనుకోకు. పోక్సో మాత్రం ఏ గదిలోకైనా వస్తుంది. కొత్తగా ఎవరిని పెట్టుకున్నా, ఇంతకుముందు ఎక్కడ చేశాడో ఆ ఊరికి ఫోన్ చేసి ఎందుకు వదిలేశాడని అడగమని కమిటీకి చెప్పు. రెండేళ్ల కింద అదే ఫోన్ ఒకటి చేసి ఉంటే ఏం తెలిసేదో.

ఆరేళ్ల పాపకు కూడా చెప్పాల్సింది ఉంది. స్నానం చేయించేటప్పుడు చెప్పు, భయపెట్టకుండా: ఇక్కడ, ఇక్కడ అమ్మ, డాక్టరమ్మ తప్ప ఎవరూ ముట్టకూడదు, ముట్టి "అమ్మకు చెప్పొద్దు" అన్నారంటే ముందు అమ్మకే చెప్పాలి, హజ్రత్ అయినా, చిన్నాన్న అయినా, అన్న అయినా.

ఇక ఆ లైటు. ఆర్పొద్దు. సందు చివరి ఎలక్ట్రికల్ షాపులో జీరో వాట్ బల్బు ఒకటి తెచ్చి వాడి మంచం పక్కన పెట్టు, పెద్దగా కరెంటు లాగదు, ఇంటాయన అరవడు. వాడికి మెలకువ వస్తే తలుపు, నువ్వు, చెల్లెలు కనపడేట్టు మంచం తిప్పి వెయ్.